కంపెనీ సమాచారాన్ని ఎన్ని తరగతులుగా విడగొట్టాలి, ఎవరు విడగొట్టాలి?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెబుతాను, తప్పైతే సరిదిద్దండి. మీది డెబ్బై మంది ఉన్న కంపెనీ. ఒక పెద్ద క్లయింటు "మీ సమాచార వర్గీకరణ పాలసీ పంపండి" అన్నారు. ఆ పని మీ నెత్తిన పడింది. నెట్‌లో దొరికిన ఆరు స్థాయిల టెంప్లేట్‌ను కాస్త మార్చి అందరికీ మెయిల్ చేశారు. రెండు నెలలు గడిచాక చూస్తే సగం మంది ప్రతిదాని మీదా 'కాన్ఫిడెన్షియల్' అని కొట్టేస్తున్నారు, మిగతా సగం ఏమీ వేయడం లేదు. ఎన్ని స్థాయిలు పెట్టాలి, ఏది ఏ స్థాయో ఎవరు తేల్చాలి, సాఫ్ట్‌వేర్ కొంటే సమస్య తీరుతుందా, పదేళ్ల పాత ఫైళ్లను ఏం చేయాలి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. మూడు స్థాయిలు చాలు. ఏది ఏ స్థాయో ఆ సమాచారంతో పని చేసే విభాగం హెడ్ తేల్చాలి, ఐటీకి వదలకండి. సాఫ్ట్‌వేర్ ఇప్పుడే వద్దు. పాత ఫైళ్ల జోలికి వెళ్లకండి. చివరిదానికి ఒక మినహాయింపు ఉంది, దాని దగ్గరికి వస్తాను.

నేను ఈ పనిలోకి వచ్చి పదహారేళ్లు దాటింది. మొదట్లో ఒక తయారీ కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోల్ చూశాను, తర్వాత సమాచార భద్రత ఆడిట్లు. కాబట్టి పాలసీ రాసేవాళ్ల బాధా తెలుసు, దాన్ని పాటించకుండా తప్పించుకునేవాళ్ల తెలివితేటలూ తెలుసు.

ఆ మొదటి కంపెనీలో మా అంతస్తు మొత్తానికి ఒకటే ప్రింటర్. ఒకరోజు సాయంత్రం నా ప్రింట్ కోసం వెళ్తే ట్రేలో నాది కాక మరో మూడు కాగితాలున్నాయి. ఒకటి ఆ ఏడాది సెలవుల జాబితా. రెండోది పార్కింగ్ స్లాట్ల కేటాయింపు. అడుగున ఉన్నది మేనేజర్ల ఇంక్రిమెంట్ల షీట్: పేరు, పాత జీతం, కొత్త జీతం, చివరి కాలమ్‌లో 'ఉంచాలా, పంపాలా' అన్న వ్యాఖ్యలు. నా కాగితంతో సహా నాలుగింటి కిందా ఒకే ఎర్రక్షరాల్లో 'కంపెనీ కాన్ఫిడెన్షియల్' అని ఉంది, ఎందుకంటే ఎవరో దాన్ని టెంప్లేట్ ఫుటర్‌లోనే పెట్టేశారు. ఇంక్రిమెంట్ల షీట్ పొద్దున్నుంచీ అక్కడే పడి ఉందని తర్వాత తెలిసింది. రోజంతా ఎంతమంది దాన్ని పక్కకు జరిపి తమ కాగితం తీసుకెళ్లారో ఎవరికి తెలుసు! 'నాన్నా పులి' కథ ఇక్కడ అక్షరాలా జరిగింది. ఆ ఎర్ర ముద్రను చదవడం మా కళ్లు ఎప్పుడో మానేశాయి.

ఆరు స్థాయిలు పెట్టినా జరిగేది అదే. మూడోదానికీ నాలుగోదానికీ తేడా గుర్తుండదు, తప్పు పడుతుందేమోనన్న టెన్షన్‌తో మనిషి పైదే ఎంచుకుంటాడు, లేదా అసలు ఎంచుకోడు. బ్రిటన్ ప్రభుత్వమే ఈ అవస్థ పడింది. ఏళ్ల తరబడి ఆరు స్థాయిలతో నెట్టుకొచ్చి, 2014 ఏప్రిల్‌లో వాటిని మూడుకు కుదించింది: అఫీషియల్, సీక్రెట్, టాప్ సీక్రెట్. అక్కడ రోజువారీ పనిలో చాలా భాగం మొదటి స్థాయిలోనే పడుతుంది. గూఢచారి సంస్థలున్న ప్రభుత్వానికి మూడు సరిపోయినప్పుడు డెబ్బై మంది కంపెనీకి ఆరెందుకు?

లేబుల్ అంటే ప్రాముఖ్యానికి ఇచ్చే మార్కులు అనుకోకండి. మీ వాళ్లు తడబడుతున్నది ఇక్కడే అని నా అనుమానం. తాను కష్టపడి చేసిన రిపోర్టు మీద 'ఇంటర్నల్' అని వేసుకుంటే చిన్నతనంగా అనిపించే మేనేజర్లను చాలామందిని చూశాను. లేబుల్ చెప్పాల్సింది ఒక్కటే: ఈ ఫైలు చేతిలో ఉన్న మనిషి దాన్ని ఎవరికి ఇవ్వొచ్చు, ఎవరికి ఇవ్వకూడదు. సైబర్ దాడుల సమాచారాన్ని సంస్థలు ఒకరితో ఒకరు పంచుకోవడానికి వాడే ట్రాఫిక్ లైట్ ప్రోటోకాల్ ఈ విషయంలో చక్కగా ఉంటుంది. రెడ్ అంటే నేరుగా అందుకున్న వ్యక్తులు దాటి పోకూడదు. ఆంబర్ అంటే తెలియాల్సినంత మేరకు సొంత సంస్థలోనూ దాని క్లయింట్లతోనూ. గ్రీన్ అంటే ఆ రంగంలోని తోటివాళ్ల వరకు. 2022లో వచ్చిన రెండో వెర్షన్‌లో వైట్‌ను క్లియర్ అని మార్చారు, అది ఎవరికైనా ఇవ్వొచ్చు. ఏ రంగు ఎంత గొప్పదన్న గొడవే లేదు, ఎంత దూరం పోవచ్చో చెబుతుంది అంతే.

మీకు నేను సూచించే మూడూ ఇవి.

పబ్లిక్: బయట పెట్టవచ్చని బాధ్యత గల ఒకరు ఒప్పుకున్నది. ఎవరూ ఒప్పుకోకుండా ఏదీ పబ్లిక్ కాదు.

ఇంటర్నల్: ఉద్యోగులందరూ చూడొచ్చు, బయటివాళ్లకు పంపకూడదు. లేబుల్ లేని ప్రతిదీ ఇదే. ఈ ఒక్క వాక్యం పాలసీలో రాస్తే లేబుల్ వేసే పని చాలావరకు తగ్గిపోతుంది, ఎందుకంటే కంపెనీలో పుట్టే ఫైళ్లలో ఎక్కువ భాగం ఇదే కోవలోకి వస్తుంది.

కాన్ఫిడెన్షియల్: పని ఉన్నవాళ్లే చూడాలి. పేరు పేరునా పర్మిషన్ ఇచ్చిన ఫోల్డర్‌లో ఉండాలి. 'లింక్ ఉన్న ఎవరైనా' అనే ఆప్షన్ వాడకూడదు. బయటికి పంపాలంటే ఆ సమాచారం ఎవరిదో వాళ్ల అనుమతి ఉండాలి, అందుకునేవాళ్లతో గోప్యత ఒప్పందం ఉండాలి. ప్రింట్ తీస్తే ప్రింటర్ పక్కన నిలబడి తీసుకోవాలి.

కంపెనీ అమ్మకం చర్చలు, ఒక ఉద్యోగి మీద విచారణ లాంటివి వస్తే నాలుగోది కావాలనిపిస్తుంది. దానికి కొత్త స్థాయి అక్కర్లేదు. కాన్ఫిడెన్షియల్ అనే వేసి, మొదటి పేజీలో ఎవరెవరు చూడొచ్చో పేర్లు రాయండి. ఆ జాబితాలో లేనివాళ్లకు ఫైలు ఉందన్న సంగతి కూడా తెలియనక్కర్లేదు.

ఇప్పుడు ఏది ఎందులో పడుతుందో తేల్చడం. పెద్ద పెద్ద మాట్రిక్సులు గీయకండి, మూడు ప్రశ్నలు చాలు. ఇది బయటికి పోతే నష్టం ఎవరికి: మనకా, క్లయింటుకా, ఒక మనిషికా? ఎంత: కాస్త ఇబ్బందా, డబ్బు పోతుందా, కోర్టు మెట్లెక్కాలా? మూడోదాన్ని చాలామంది మర్చిపోతారు: పోయాక మార్చుకోగలమా? పాస్‌వర్డ్ పోతే పది నిమిషాల్లో మార్చుకుంటాం. ఒక ఉద్యోగి వైద్య రిపోర్టు బయటపడితే దాన్ని మార్చడానికి ఏమీ లేదు. వేలిముద్రల డేటా అయినా అంతే. మార్చుకోలేనిది ఏదైనా సరే, పరిమాణం ఎంత చిన్నదైనా నేను కళ్లు మూసుకుని కాన్ఫిడెన్షియల్ అంటాను.

ఇక్కడ చిన్న పక్కదారి. గుట్టుగా ఉంచడం ఒక్కటే రక్షణ కాదు. అమెరికా ప్రభుత్వ వ్యవస్థల కోసం 2004లో వచ్చిన ఫిప్స్ 199 ప్రమాణం సమాచారాన్ని మూడు వైపుల నుంచి తూచమంటుంది: బయటపడితే ఎంత నష్టం, మారిపోతే ఎంత నష్టం, అందుబాటులో లేకపోతే ఎంత నష్టం. సప్లయర్ల బ్యాంకు ఖాతా నంబర్లు చూడండి. ప్రతి ఇన్వాయిస్ మీదా ఉంటాయి, రహస్యమేమీ కాదు. కానీ మీ సిస్టంలో ఆ నంబర్‌ను ఎవరైనా మార్చేస్తే తర్వాతి పేమెంట్ మొత్తం మోసగాడి ఖాతాకు పోతుంది. అలాంటివాటికి లేబుల్ ఇంటర్నల్ అయినా, మార్చే హక్కు మాత్రం ఇద్దరి చేతుల్లోనే ఉండాలి. మార్పు అడుగుతూ మెయిల్ వస్తే మన దగ్గర ముందే ఉన్న ఫోన్ నంబర్‌కు కాల్ చేసి కనుక్కోవాలి, ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబర్‌కు కాదు.

ఇక ఎవరు తేల్చాలన్నది. ఐటీకి ఫోల్డర్లు తెలుసు, లోపలున్న విషయం విలువ తెలియదు. మా తయారీ కంపెనీలో ఐటీ వాళ్లు చాలా శ్రద్ధగా డ్రాయింగుల ఫోల్డర్‌కు తాళం వేశారు. డ్రాయింగులంటే సహజంగానే రహస్యమనిపిస్తాయి కదా. దాని పక్కనే 'ప్రాసెస్ షీట్లు' అనే ఫోల్డర్ అందరికీ తెరిచి ఉంది. హీట్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్ ఒకాయన అది చూసి నవ్వారు. "మన పార్టు ఒకటి కొని కొలతలు తీసుకుంటే ఎవడైనా డ్రాయింగు గీస్తాడండీ. ఎంత వేడిలో ఎంతసేపు ఉంచాలి, ఎలా చల్లార్చాలి అన్నది పార్టును ఎంత కొలిచినా తెలియదు. ఆ షీట్లను మీరు గాలికి వదిలేశారు" అన్నారు. ఆ రోజు నుంచి నేను ఏ విభాగానికి వెళ్లినా అడిగే మొదటి ప్రశ్న: "మీ పోటీ కంపెనీవాళ్లకు మీ దగ్గర్నుంచి ఒకే ఒక్క ఫైలు తీసుకునే అవకాశం వస్తే, ఏది తీసుకుంటారు?" వచ్చే జవాబులు చాలాసార్లు నా అంచనాకు అందవు.

విభాగం హెడ్‌ను ఓనర్‌గా పెట్టాక, ఆ పేరు పాలసీలో రాయాలి. 'సంబంధిత విభాగం' అని రాస్తే దానికి ఎవరూ ఓనర్ కారు.

లేబుల్‌కు గడువు ఉండాలి. టెండర్‌లో మనం వేసే రేటు టెండరు తెరిచేదాకా అత్యంత రహస్యం, తెరిచాక అందరికీ తెలిసేదే. లిస్టెడ్ కంపెనీ త్రైమాసిక ఫలితాలు ప్రకటించేదాకా బయట ఒక్క ముక్క మాట్లాడినా ఇన్‌సైడర్ ట్రేడింగ్ చిక్కు వస్తుంది, ప్రకటించాక అదే ఫైలు వెబ్‌సైట్‌లో ఉంటుంది. అందుకే లేబుల్ పక్కన 'ఫలానా తేదీ వరకు' లేదా 'ప్రకటన వచ్చేదాకా' అని రాసే అలవాటు చేయండి. గడువు లేని లేబుళ్లే పేరుకుపోయి చివరికి ఆ ఎర్ర ఫుటర్‌లా తయారవుతాయి.

ఇంకోటి. విడిగా ఉన్నప్పుడు మామూలువే, కుప్పగా చేరితే మామూలువి కావు. ఒక కస్టమర్ పేరు, ఫోన్ నంబరు సేల్స్ మనిషి ఫోన్‌లో ఉండక తప్పదు. అలాంటివి ఐదువేలు ఒకే షీట్‌లో, ఎవరు ఏటా ఎంత కొంటారు అన్న కాలమ్‌తో సహా ఉంటే అది కంపెనీ ఆస్తి. ఓనర్ ఫైలును తూచేటప్పుడు ఒక వరుసను చూసి తూచకూడదు, మొత్తం షీట్‌ను చూడాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నేను చూసిన లీకుల్లో చాలావరకు తాళం వేసిన ఫోల్డర్ పగలగొట్టినవి కావు. ఫోల్డర్ భద్రంగానే ఉంటుంది. అందులోంచి పని కోసం ఒకరు తీసుకున్న కాపీ బయటికి పోతుంది. ఎక్స్‌పోర్ట్ చేసిన షీట్, మెయిల్ అటాచ్‌మెంట్, డౌన్‌లోడ్స్‌లో పడి ఉన్న పాత వెర్షన్. పాలసీలన్నీ అసలు ఫైలు గురించే మాట్లాడతాయి, కాపీల ఊసే ఎత్తవు.

నేను ఆడిట్‌కు వెళ్లిన ఒక కంపెనీలో సేల్స్ కుర్రాడు క్లయింటుకు కొటేషన్‌ను ఎక్సెల్‌గానే పంపాడు. మొదటి షీట్‌లో రేట్లు. రెండో షీట్ హైడ్ చేసి ఉంది, అందులో ప్రతి ఐటెమ్‌కూ ఆ కంపెనీ కొనుగోలు ధర, మార్జిన్ శాతం. హైడ్ చేస్తే పోయినట్టే అనుకున్నాడు. క్లయింటు వైపు పర్చేజ్ ఆఫీసరు షీట్ పేరు మీద రైట్ క్లిక్ చేసి అన్‌హైడ్ అన్నాడు, అంతే. ఆయన ఒక్క మాట కూడా బయటపెట్టలేదు. తర్వాతి మీటింగ్‌లో ఐటెమ్ ఐటెమ్‌కూ సరిగ్గా మార్జిన్‌లో సగం తగ్గించమని అడుగుతూ పోయాడు. మూడో ఐటెమ్ దగ్గర సేల్స్ మేనేజర్‌కు ఏదో తేడా కొట్టింది. బయటికొచ్చి తాము పంపిన ఫైలు తెరిచి చూసుకుని తల పట్టుకున్నారు.

ఇది చిన్న కంపెనీలకే పరిమితం అనుకోకండి. 2023 ఆగస్టులో ఉత్తర ఐర్లండ్ పోలీసు శాఖ ఒక సమాచార హక్కు దరఖాస్తుకు జవాబుగా స్ప్రెడ్‌షీట్ ఇచ్చింది. అందులో మరుగున ఉండిపోయిన ఒక షీట్‌లో శాఖలోని 9,483 మంది అధికారులు, సిబ్బంది ఇంటిపేర్లు, హోదాలు, పనిచేసే చోట్లు ఉన్నాయి. రెండు గంటలకు పైగా అది ఇంటర్నెట్‌లో ఉండిపోయింది. పోలీసులమని ఇరుగుపొరుగుకు కూడా చెప్పుకోలేనివాళ్లు ఉండే ప్రాంతం అది. మరుసటి ఏడాది బ్రిటన్ డేటా రక్షణ నియంత్రణ సంస్థ 7,50,000 పౌండ్ల జరిమానా వేసింది.

అంతకుముందు 2007లో బ్రిటన్ పన్నుల శాఖ దాదాపు 2.5 కోట్ల మంది వివరాలున్న రెండు డిస్కులను ఆడిట్ కార్యాలయానికి మామూలు కొరియర్‌లో పంపింది. అవి చేరలేదు, మళ్లీ దొరకలేదు. ఆ కేసులో నన్ను ఎక్కువగా బాధించేది కొరియర్ కాదు. ఆడిట్ కార్యాలయం బ్యాంకు వివరాల్లాంటివి తీసేసి పంపమనే అడిగింది. వాటిని తీసేయడం అదనపు ఖర్చన్న లెక్కతో మొత్తం డేటానే పంపారు. మీ ఆఫీసులో రోజూ జరిగే "ఎందుకొచ్చిన గొడవ, మొత్తం షీట్ పంపేద్దాం" అన్నదానికి ఇది పెద్ద రూపం.

కాబట్టి మీ పాలసీలో కాపీల మీద కనీసం అర పేజీ ఉండాలి. నేను రాయించేవి:

బయటికి ఎక్సెల్ పంపాల్సి వస్తే పాత ఫైల్లో డిలీట్ చేస్తూ పోకండి. కొత్త ఫైలు తెరిచి, కావలసిన కాలమ్‌లను మాత్రమే వాల్యూస్‌గా పేస్ట్ చేయండి. పివట్ టేబుల్‌ను (పెద్ద డేటాను కూడి చూపే సారాంశ పట్టికను) కాపీ చేస్తే వెనకున్న పూర్తి డేటా కూడా దాంతో పాటే ప్రయాణించవచ్చు. టేబుల్ చివర ఉండే గ్రాండ్ టోటల్ అంకె మీద డబుల్ క్లిక్ చేస్తే వరుసలన్నీ బయటికొస్తాయి, ఒకసారి మీ ఫైల్లోనే ప్రయత్నించి చూడండి.

పీడీఎఫ్‌లో పేరు మీద నల్ల డబ్బా గీస్తే పేరు చెరిగిపోదు. డబ్బా కింద అక్షరాలు అలాగే ఉంటాయి, సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే వచ్చేస్తాయి. దాని కోసమే ఉన్న రిడాక్షన్ టూల్ వాడాలి, వాడాక ఈ పేస్ట్ పరీక్ష మీరే చేసి చూసుకోవాలి. వర్డ్‌లో క్రాప్ చేసిన బొమ్మకూ ఇదే జబ్బు: కత్తిరించిన భాగం ఫైల్లోనే దాక్కుని ఉంటుంది.

లోపలివాళ్లకైతే కాపీ వద్దు, లింక్ ఇవ్వండి. పొరపాటున వేరేవాళ్లకు పోయినా పర్మిషన్ తీసేయొచ్చు. అటాచ్‌మెంట్ వెళ్లిందంటే వెళ్లిందే. దీనికి సాక్షిని నేనే. ఆడిటర్‌గా ఉండి, ఒక క్లయింటు లోపాల నివేదికను అదే మొదటి పేరున్న మరో క్లయింటు ఉద్యోగికి పంపాను. రెండక్షరాలు కొట్టగానే మెయిల్ మిగతా పేరు నింపింది, నేను చూసుకోలేదు. పంపిన మెయిల్‌ను వెనక్కి లాగే రీకాల్ నొక్కాను. వేరే సంస్థ సర్వర్‌కు చేరిన మెయిల్ మీద రీకాల్ పని చేయదని అందరికీ క్లాసులు చెప్పే మనిషిని, ఆ క్షణంలో ఆశగా నొక్కాను. ఆయనకు ఫోన్ చేసి తెరవకుండా డిలీట్ చేయమని బతిమాలి, తర్వాత అసలు క్లయింటుకు నేనే చెప్పాను. అప్పటి నుంచి అటాచ్ చేసి, సబ్జెక్ట్ రాసి, అడ్రస్ ఆఖరున వేస్తాను.

పర్మిషన్ల గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. పనికి ఎంత అవసరమో అంతే ఇవ్వాలన్న సూత్రాన్ని కంప్యూటర్ శాస్త్రవేత్తలు సాల్ట్‌జర్, ష్రోడర్ 1975లోనే రాసిపెట్టారు. ఉద్యోగం మానేసినవాళ్ల అకౌంట్లను చాలా కంపెనీలు మూసేస్తున్నాయి, సంతోషం. విభాగం మారినవాళ్లను ఎవరూ పట్టించుకోవడం లేదు. అకౌంట్స్ నుంచి సేల్స్‌కు, అక్కడి నుంచి ఆపరేషన్స్‌కు వెళ్లిన మనిషి దగ్గర మూడు విభాగాల తాళంచెవులూ ఉంటాయి. మూడు నెలలకోసారి ప్రతి కాన్ఫిడెన్షియల్ ఫోల్డర్ పేర్ల జాబితా దాని ఓనర్‌కు పంపండి. అడిగే తీరులో ఒక కిటుకు ఉంది: "ఎవరిని తీసేయాలి?" అని అడిగితే మొహమాటానికి "ఎవరినీ వద్దు" అంటారు. "వీళ్లలో ఎవరు ఉండాలో టిక్ పెట్టండి, టిక్ లేనివాళ్లను తీసేస్తాం" అనండి. జాబితా సగానికి వచ్చిన సందర్భాలు చూశాను.

ఏఐ చాట్ టూల్స్ సంగతి మీరు అడగలేదు కానీ మీ క్లయింటు కచ్చితంగా అడుగుతారు. 2023లో శాంసంగ్ ఉద్యోగులు సోర్స్ కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టిన ఉదంతం తర్వాత ఆ కంపెనీ అలాంటి టూల్స్ మీద నిషేధం పెట్టింది. అది నేనివ్వగల ఉత్తమ సలహా అని అనను. పూర్తిగా వద్దంటే జనం సొంత ఫోన్లో చేస్తారు, అప్పుడు మీకు కనిపించను కూడా కనిపించదు. కంపెనీ ఒప్పందం చేసుకున్న ఒక టూల్‌ను ఇచ్చి, ఇంటర్నల్ వరకు అందులో పెట్టుకోవచ్చు, కాన్ఫిడెన్షియల్ పెట్టకూడదు అని ఒక్క గీత గీయండి. మూడు స్థాయిలే ఉంటే ఆ గీత ఎక్కడుందో అందరికీ అర్థమవుతుంది.

కాగితాల విషయం రెండు ముక్కల్లో. పొడుగు పట్టీలుగా కోసే ష్రెడ్డర్ ఉంటే మార్చండి. ఓపికున్నవాళ్లు ఆ పట్టీలను అతికించగలరు. అడ్డంగా కూడా కోసే పి-4 స్థాయిది కొనండి, అందులో ఒక్కో ముక్క 160 చదరపు మిల్లీమీటర్లు మించదు. మీటింగ్ అయ్యాక వైట్‌బోర్డు తుడవండి.

సాఫ్ట్‌వేర్ ఎందుకు వద్దన్నానంటే, డేటా బయటికి పోకుండా ఆపే టూల్స్ ఒక క్రమం ఉన్నవాటిని బాగా పట్టుకుంటాయి. కార్డు నంబరైతే చివరి అంకెను లెక్కకట్టి అది కార్డు నంబరు అయ్యే వీలుందో లేదో కూడా చూస్తాయి. వచ్చే ఏడాది ధరల వ్యూహం గురించి మీ ఎండీ రాసిన రెండు పేరాల్లో రహస్యం ఉందని మాత్రం వాటికవే పసిగట్టడం కష్టం. మీ లేబుళ్లే గందరగోళంగా ఉంటే టూల్ ఆ గందరగోళాన్నే వేగంగా అమలు చేస్తుంది. మనుషులు ఆరు నెలలు లేబుళ్లు సరిగ్గా వాడాక కొనండి. కొన్నాక మొదటి కొన్ని వారాలు ఆపే పని అప్పగించకుండా కేవలం గమనించమనండి. మొదటి రోజే బ్లాక్ చేయడం మొదలుపెడితే పేమెంట్ ఫైలు ఒకటి ఆగిపోతుంది, ఆ మధ్యాహ్నానికల్లా ఎవరో పెద్దాయన ఫోన్ చేసి మొత్తం టూల్‌నే ఆపించేస్తారు.

చట్టం వైపు నుంచి కూడా ఒక మాట. వ్యాపార రహస్యానికి రక్షణ దొరకాలంటే మూడు ఉండాలని ప్రపంచ వాణిజ్య సంస్థ ట్రిప్స్ ఒప్పందం 39వ అధికరణం చెబుతుంది: అది నిజంగా రహస్యమై ఉండాలి, రహస్యం కావడం వల్లే దానికి విలువ ఉండాలి, దాన్ని కాపాడటానికి యజమాని తగిన చర్యలు తీసుకుని ఉండాలి. చాలా దేశాల చట్టాల్లో ఈ మూడో షరతు ఏదో రూపంలో ఉంది. సెలవుల జాబితాకూ ప్రాసెస్ షీట్‌కూ ఒకే ముద్ర వేసి, రెండింటినీ ఒకే ఫోల్డర్‌లో తెరిచి పెట్టిన కంపెనీ రేపు జడ్జి ముందు "మేం దీన్ని ప్రత్యేకంగా కాపాడుకున్నాం" అని ఏ మొహంతో చెబుతుంది?

తప్పు జరిగితే చెప్పే దారి తెరిచి ఉంచండి. ఒక కంపెనీలో జీతాల షీట్‌ను పొరపాటున టీమ్ మొత్తానికి పంపిన హెచ్‌ఆర్ అమ్మాయి ఐదు నిమిషాల్లోనే స్వయంగా వచ్చి చెప్పింది. ఆమెను అందరి ముందూ నిలబెట్టి తిట్టారు. ఆ తర్వాత ఏడాది మొత్తం ఆ కంపెనీ రిజిస్టర్‌లో ఒక్క పొరపాటూ నమోదు కాలేదు. మేనేజ్‌మెంట్ దాన్ని గొప్ప మెరుగుదలగా నాకు చూపించింది. మీ క్లయింటు యూరప్‌వాళ్లైతే, వ్యక్తిగత డేటా లీకై దానివల్ల మనుషులకు ముప్పుంటే, సంగతి తెలిసిన 72 గంటల్లో వాళ్లు నియంత్రణ సంస్థకు చెప్పాలని అక్కడి వ్యక్తిగత డేటా చట్టం జీడీపీఆర్ అంటుంది. వాళ్ల డేటా మీ దగ్గర ఉంటే మీరు ఆలస్యం చేయకుండా వాళ్లకు చెప్పాలి. భయపడి రెండు రోజులు దాచే ఉద్యోగి ఉంటే ఆ గడువు మీ చేతిలో ఉండదు.

ఇప్పుడు మీరు చేయాల్సిన వరుస. ఆరు స్థాయిల మెయిల్‌ను వెనక్కి తీసుకుంటున్నామని చెప్పండి, అందులో నామోషీ ఏమీ లేదు. ఒక్కో విభాగం హెడ్‌తో ముప్పావు గంట కూర్చుని, ఆ 'ఒకే ఒక్క ఫైలు' ప్రశ్న అడిగి, వాళ్ల కాన్ఫిడెన్షియల్ రకాలు ఓ పది రాయించండి. 'జీతాలకు సంబంధించినవి' అని కాకుండా 'నెలవారీ పేరోల్ షీట్, ఇంక్రిమెంట్ల షీట్' అని అసలు పేర్లతో రాయాలి. పాలసీ రెండు పేజీలు దాటనివ్వకండి. క్లయింటు సమాచార భద్రత ప్రమాణం ఐఎస్ఓ 27001 ప్రకారం చూస్తే 2022 వెర్షన్ అనుబంధంలో వర్గీకరణ 5.12, లేబులింగ్ 5.13, సమాచార బదిలీ 5.14, మీ రెండు పేజీల్లో ఆ మూడింటికీ జవాబుంటే పాలసీ వరకు చాలు. మంచి ఆడిటర్ ఎలాగూ పాలసీ పక్కన పెట్టి, దారిలో కనిపించిన ఉద్యోగిని ఆపి "మీ స్క్రీన్ మీదున్న ఫైలు ఏ స్థాయి? దీన్ని ఎవరికి పంపొచ్చు?" అని అడుగుతారు. నేనైతే అదే చేస్తాను.

చివరిగా పాత ఫైళ్లు. పదేళ్ల లక్ష ఫైళ్లకు లేబుల్ వేద్దామని కూర్చున్న రెండు కంపెనీలను చూశాను, రెండూ మూడో నెలలో వదిలేశాయి. ఎవరైనా పాత ఫైలు తెరిచి మార్చినప్పుడు లేబుల్ వేస్తే చాలు. ఉంచాల్సిన చట్టపరమైన గడువు దాటినవాటిని తీసేయడం లేబుల్ వేయడం కన్నా మేలు. మినహాయింపు ఇదీ: 'లింక్ ఉన్న ఎవరైనా' అని తెరిచి ఉన్న ఫైళ్ల జాబితా ఈ వారమే ఐటీ చేత తీయించండి. మీరు వాడే క్లౌడ్ డ్రైవ్ అడ్మిన్ పేజీలోంచి ఈ రిపోర్టు తీయవచ్చేమో ముందు అడగండి. అలాగే ఫైలు పేరులో 'పాస్‌వర్డ్', 'పేరోల్', 'బ్యాకప్', 'కాపీ' అన్న మాటలున్నవాటిని వెతికించండి. వచ్చిన జాబితాను పాలసీ వర్కింగ్ గ్రూపులకు పంపకుండా మీరొక్కరే కూర్చుని పై నుంచి కిందికి చదవండి. జీతాల షీట్‌ను మూసేశాక దాన్ని తెరిచి ఉంచినవాళ్లకు ఫోన్ చేయండి, మెయిల్ పెట్టకండి. మెయిల్‌లో ఆ లింక్ మళ్లీ తిరుగుతుంది.